కళలు, వికళలు – సామంత చంద్రశేఖరుడు

ఉగాదినాడు క్రొత్త పంచాంగము ఇంటికి రానిదే తెలుగువారికి పండుగ పూర్తి కాదు. అయినను అష్టమి ఎన్ని గడియలున్నది, ఏకాదశి ఏనాడు అను విషయమున రెండు పంచాంగములు రెండు విధములుగా పలుకుట మనకు క్రొత్త కాదు. ఈ భేదమునకు మూలము ఆకాశమున నున్న ఒక చిన్న కోణము. అట్టి చిన్న కోణముల లెక్క తేల్చుటకై జీవితమంతయు ధారవోసిన మహనీయుడు మన పొరుగున నున్న ఉత్కళదేశమున ఉండెను. ఆయనయే మహామహోపాధ్యాయ సామంత చంద్రశేఖరుడు.

ఆయన 1835వ సంవత్సరము డిసెంబరు మాసమున ఖండపడా సంస్థానపు రాజవంశమున జన్మించెను. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కకపోవుటచే తల్లిదండ్రులు ఈ శిశువును ఒక ఫకీరుకు అమ్మినట్లు చేసి మరల తెచ్చుకొనిరని చెప్పుదురు. అందుచేత ఆయనకు పఠాణీ అను ముద్దుపేరు నిలిచినది. మన పల్లెలలో బిడ్డను తవుటికి అమ్మి తవిటయ్య యని పిలుచుట వంటిదే ఇదియు. ఆయన ఇంగ్లీషు పాఠశాల మెట్లెక్కలేదు. ఇంటనే సంస్కృతము నేర్చి, చిన్ననాడే బంధువుల వలన నక్షత్రములను గుర్తుపట్టుట అభ్యసించెను. పదునైదేండ్ల ప్రాయమున ప్రాచీన సిద్ధాంతములనుబట్టి గ్రహస్థానములను గణించి ఆకాశము వంక చూడగా, గ్రంథమునకు ఆకాశమునకు పొత్తు కుదరలేదు. ఆయన పరిశ్రమకు నాంది అదియే.

ఆ పరిశ్రమ తెలియుటకు ముందు కోణమానము కొంత తెలియవలెను. గణితమున ప్రవేశము లేనివారికి సైతము ఇది కష్టము కాదు. వృత్తమును 360 అంశలుగా విభజింతురు. అంశకు 60 కళలు, కళకు 60 వికళలు. అనగా పూర్ణవృత్తమున 21,600 కళలు, 12,96,000 వికళలు కలవు. చంద్రబింబము వెడల్పు సుమారు 32 కళలు, అనగా అర అంశకు కొంచెము ఎక్కువ. మంచి కంటిచూపు విడదీసి చూడగల కనిష్ఠ కోణము సుమారు ఒక కళ మాత్రమే.

ఈ కోణమును కాలముగా మార్చినచో దాని విలువ తేటపడును. చంద్రుడు సూర్యునికంటె 12 అంశలు, అనగా 720 కళలు, ముందుకు సాగినప్పుడు ఒక తిథి గడచును. తిథి సగటు పరిమాణము సుమారు 59 గడియలు. కావున ఒక కళకు ఇంచుమించు 5 విగడియలు, నేటి లెక్కలో 2 నిమిషములు. చంద్రస్థానమున 30 కళలు తప్పినచో తిథి ఒక గంట తప్పును.

ప్రాచీన సిద్ధాంతముల చంద్రగణితము పూర్ణిమ, అమావాస్యలకు చక్కగా సరిపోవును. గ్రహణములు ఆ దినములందే వచ్చును గావున గణితమును శంకింప ఎవరికిని పెద్దగా అవసరము కలుగలేదు. కాని కొన్ని అష్టములయందు అదే గణితము రెండున్నర అంశల వరకు తప్పును. అవి 150 కళలు. కాలమున 5 గంటలు, పన్నెండున్నర గడియలు. చంద్రశేఖరుడు పక్షమునందలి అన్ని దినములను గమనించి ఈ లోపమును పట్టుకొనెను. దాని సంస్కారమునకు తుంగాంతరమని పేరిడెను. పాక్షికము, దిగంశము అను మరి రెండు సంస్కారములను కూడ కనుగొనెను. నేటి గణితమున ఈ రెండింటి గరిష్ఠ ప్రమాణము వరుసగా సుమారు 39 కళలు, 11 కళలు. ఐరోపా పండితులకు ఈ మూడును అంతకుముందే తెలిసినవి. అయినను వారి గ్రంథముల సాయము లేకయే ఆయన వీనిని సాధించెను.

ఆయనకు దూరదర్శిని లేదు. కఱ్ఱతోను వెదురుతోను యంత్రములు తానే చేసికొనెను. వానిలో మానయంత్రము ముఖ్యమైనది. 24 అంగుళముల సన్నని కఱ్ఱ చివర అడ్డముగా మరియొక కఱ్ఱను బిగించి, దానిపై గాట్లును రంధ్రములును ఏర్పరచిరి. ఇచట అంగుళమనగా వ్రేలి వెడల్పు. 24 అంగుళముల దూరమున ఒక అంగుళము 2 అంశల 23 కళల కోణము చేయును. అవి 143 కళలు. కాబట్టి అచట ఒక కళ యనగా అంగుళమున 143వ వంతు, రెండు వెండ్రుకల మందమునకు మించదు.

అంత మోటు సాధనముతో వికళల లెక్క ఎట్లు సాధ్యము? దీర్ఘకాల పరిశీలనయే దీనికి ఉపాయము. చంద్రుడు 30 సంవత్సరములలో సుమారు 401 పర్యాయములు భచక్రమును చుట్టును. అంతకాలము చూచిన పిదప స్థానమున 4 కళల సందేహము, అనగా 240 వికళలు మిగిలినదనుకొందము. దానిని 401చే భాగింపగా ఒక్క భ్రమణమునకు ఒక వికళ కూడ రాదు. కంటికి అందనిది సహనమునకు అందును.

ఫలితములు చూడుడు. చంద్రకక్ష్య వాలు సూర్యసిద్ధాంతమున 4 అంశల 30 కళలు, అనగా 270 కళలు. చంద్రశేఖరుడు దానిని 5 అంశల 9 కళలుగా, 309 కళలుగా నిర్ణయించెను. ఆధునిక నిర్ణయమునకును దీనికిని ఒక కళ భేదము కూడ లేదు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబమును దాటినప్పుడు శుక్రబింబము సూర్యబింబమున 32వ వంతని ఆయన వ్రాసెను. అనగా సుమారు ఒక్క కళ.

ఈ కృషిసారమంతయు సంస్కృతమున దాదాపు 2,500 శ్లోకముల సిద్ధాంతదర్పణమై తాటియాకులపై వెలసినది. భూమి స్థిరమని, సూర్యుడు దానిచుట్టు, గ్రహములు సూర్యునిచుట్టు తిరుగునని ఆయన విశ్వాసము. ఆ విశ్వాసము నిలువకపోయినను కొలతలు నిలిచినవి. 1893లో ప్రభుత్వము ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదమొసగెను. కటక నగరపు రావెన్షా కళాశాల ఆచార్యుడు యోగేశచంద్ర రాయ్ పూనికతో 1899లో గ్రంథము కలకత్తాలో అచ్చుపడెను. ఆ యేడే నేచర్ అను ఇంగ్లండు శాస్త్రపత్రిక ఆయనను డెన్మార్కు జ్యోతిర్విదుడు టైకో బ్రాహీతో పోల్చెను.

రాజవంశమున పుట్టియు లేమితోను అనారోగ్యముతోను పోరాడి, 1904 జూన్ మాసమున ఆయన పురీక్షేత్రమున పరమపదించెను. అదే క్షేత్రమున జగన్నాథస్వామి ఉత్సవములకు ఆయన గణితము ప్రమాణమైనది. ఊరివారు నిద్రించు రాత్రులలో కఱ్ఱముక్కపై కొలిచిన కళలు స్వామి సేవాసమయములై, యాత్రికుల ఉపవాస దినములై, ఇంటింటి పండుగలై నిలిచినవి.