గోదావరి గట్టు మీద గురువు – కూల్డ్రే దొర

తరగతి గదిలో పాఠం చెప్పే గురువులు చాలామంది ఉంటారు. శిష్యుణ్ణి వెంటబెట్టుకుని బయటికి నడిచి, లోకాన్ని చూడటం నేర్పే గురువులు అరుదు. అలాంటి అరుదైన గురువు ఆస్వాల్డ్ కూల్డ్రే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ పేరు తెలిసిన మనలో చాలామందికి ఈయన పేరు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కూల్డ్రే 1882లో పుట్టారు. ఇంగ్లాండులో థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ ఆయన ఊరు. ఆక్స్‌ఫర్డులో చదువుకుని మన దేశానికి ఉద్యోగానికి వచ్చారు. 1909లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటికి ఆ ఊళ్ళో తెల్లదొరలంటే విద్యార్థులకు మంట ఉంది. అంతకు రెండేళ్ళ ముందు, 1907లో, బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్ళాక వందేమాతరం బ్యాడ్జి పెట్టుకున్నందుకు ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును బహిష్కరించారు. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో వచ్చిన ఈ దొర బెత్తం పట్టుకోలేదు, కుంచె పట్టుకున్నారు.

ఆయన స్వయంగా చిత్రకారుడు, కవి. తీరిక దొరికితే శిష్యులతో కలిసి గోదావరి గట్టుకు చేరేవారు. నది, పడవలు, కొబ్బరి తోటలు, పల్లెల్లోని మనుషులు, ఇవే వారికి పాఠాలు. సీమ బొమ్మలను చూసి గీయమని ఆయన చెప్పలేదు. అజంతా చిత్రాల గొప్పతనం తెలిపి, మీ కళ మీ దగ్గరే ఉందని నమ్మకం కలిగించారు. పాలించే జాతివాడు పాలితుల పిల్లలకు ఈ మాట చెప్పడం చిన్న విషయం కాదు.

ఆయన చేతిలో తయారైనవారిలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఉన్నారు. రామారావులోని ప్రతిభను గుర్తించి, 1916లో ఆయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చేరేందుకు తోడ్పడ్డారు. రామారావు తిరిగి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. బాపిరాజు చిత్రకారుడిగా, 'నారాయణరావు' నవలా రచయితగా పేరు పొందారు.

చెవుడు ముదరడంతో కూల్డ్రే 1919లో ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్ళిపోయారు. మనసు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 1920లో థేమ్స్, గోదావరి నదుల పేర్లు రెండూ కలిపి కవితా సంపుటి వేశారు. 1924లో ఇక్కడి జీవితం గురించి 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే పుస్తకం రాశారు. ఆ మరుసటి ఏడే రామారావు మశూచి సోకి 28 ఏళ్ళు నిండకుండా కన్నుమూశారు. 1952లో బాపిరాజూ పోయారు. శిష్యులిద్దరినీ పోగొట్టుకుని ఆ గురువు 1958 దాకా బతికారు.

ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇళ్ళ నుంచి ఆ కాలేజీ మెట్లెక్కినవారు లేరు. గట్టు మీద ఆయన వెంట నడిచినవారిలో మా తాతలు లేరు. వాళ్ళు అప్పుడు అదే గోదావరి నీళ్ళు పారే పొలాల్లో వంగి నాట్లు వేస్తున్నారు. వాళ్ళలో ఎందరు బొమ్మలు గీయగలిగేవారో, ఎందరు పాటలు కట్టగలిగేవారో చూసినవారు లేరు. ప్రతిభ లేక కాదు, గుర్తించే కన్ను వారి దాకా రాక.

అందుకే కూల్డ్రే జీవితం మాకు గొప్పగా తోచింది. మా ఇళ్ళలో మేమే మొదటి డిగ్రీవాళ్ళం. మనలో రేపు టీచర్లయ్యేవారు చాలామంది ఉన్నారు. నోట్సు వెనక పేజీలో బొమ్మలు గీసే కుర్రాడు కనిపిస్తే కసరకండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఒక ఆదివారం వాణ్ణి గట్టు మీదికి తీసుకెళ్ళండి. రాజమండ్రి వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. ఆ చిత్రాల మీద సంతకం శిష్యుడిది. వాటి వెనుక నిలబడి ఉన్నది గురువు.