బకెట్ నీళ్లలోంచి ఆకాశాన్ని చూసిన సైంటిస్ట్.. ఫిష్‌ఐకి ఆ పేరు పెట్టింది ఈయనే!

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే రూట్‌లో గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో రాత్రంతా ఆకాశం వైపే చూసే ఓ కెమెరా ఉంది. దానికి బిగించింది ఫిష్‌ఐ లెన్స్. చీకట్లో మన కంటికి ఆనని ఆకాశపు మసక వెలుగును అది ఒకే గుండ్రటి ఫొటోలో పట్టేస్తుంది. జీపీఎస్ సిగ్నళ్లను దెబ్బతీసే ప్లాస్మా బుడగల కదలికలు ఇలాంటి ఫొటోల్లోనే బయటపడతాయి. ఈ ఫిష్‌ఐ ఆలోచన వెనకున్న మనిషి రాబర్ట్ విలియమ్స్ వుడ్.

బకెట్టే కెమెరా

1868లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టారు వుడ్. హార్వర్డ్‌లో చదివి, 1901లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు. నీళ్లలో ఉన్న చేపకు పైన ప్రపంచం ఎలా కనిపిస్తుంది? ఇదీ ఆయనకొచ్చిన డౌట్. కాంతి నీళ్లలోకి దిగేటప్పుడు వంగుతుంది. అందుకే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆకాశమంతా చేపకు సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది.

దాన్ని ఫొటో తీయాలి. ఎలా? ఓ బకెట్ తీసుకున్నారు. అడుగున ఫొటో ప్లేటు, మధ్యలో సూది బెజ్జంతో చిన్న లెన్స్ పెట్టి, అంచు దాకా నీళ్లు నింపారు. అంతే.. కెమెరా రెడీ! 1906లో ఈ ప్రయోగాన్ని ప్రచురిస్తూ దానికి ఫిష్‌ఐ అని పేరు పెట్టారు.

చీకట్లో బయటపడ్డ నిజం

వుడ్ పేరు మార్మోగింది మాత్రం అంతకు రెండేళ్ల ముందే. ఎన్-రేస్ అనే కొత్త కిరణాలు కనిపెట్టానని 1903లో ఫ్రాన్స్ సైంటిస్ట్ బ్లాండ్లో ప్రకటించారు. చాలామంది తమకూ కనిపించాయన్నారు. వుడ్ 1904లో నేరుగా ఆ ల్యాబ్‌కే వెళ్లారు. ప్రయోగం జరుగుతుండగా చీకట్లో, ఎవరికీ తెలియకుండా కీలకమైన పట్టకాన్ని తీసేశారు. అయినా అక్కడివాళ్లు కిరణాలు కనిపిస్తున్నాయంటూ లెక్కలు చెబుతూనే ఉన్నారు! ఉన్నది కిరణం కాదు, భ్రమ అని తేలిపోయింది. ఆ సంగతి నేచర్ పత్రికలో రాసేశారు వుడ్. ఓ పెద్ద శాస్త్రవేత్త పరువుకు అది కోలుకోలేని దెబ్బ. కానీ లేని కిరణాల వెంట ఏళ్ల తరబడి పరుగులు పెట్టే బాధ మిగతావాళ్లకు తప్పింది.

పాదరసాన్ని గుండ్రంగా తిప్పి టెలిస్కోప్ అద్దంగా వాడి చూశారు వుడ్. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో ఉన్న 4 మీటర్ల టెలిస్కోప్‌ది ఇదే సూత్రం. చెట్ల ఆకులు మంచులా తెల్లగా కనిపించే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలను 1910లోనే జనానికి చూపించారు. చర్మ డాక్టర్లు వాడే వుడ్స్ ల్యాంప్ కూడా ఈయన పేరు మీదిదే. పిల్లల కోసం బొమ్మలతో సరదా పుస్తకమూ రాశారు. 1955లో కన్నుమూశారు. చంద్రుడిపై ఓ బిలానికి ఆయన పేరే పెట్టారు.

బకెట్ నుంచి జూమ్ దాకా

వుడ్ నీళ్లతో చేసిన పనిని 1920ల్లో బ్రిటన్‌కు చెందిన రాబిన్ హిల్ గాజుతో చేశారు. మేఘాలను ఫొటో తీయడానికి ఆకాశమంతా పట్టే లెన్స్ తయారు చేశారు. 1962లో నికాన్ 8 ఎంఎం ఫిష్‌ఐ వచ్చింది. 2010లో కెనాన్ 8-15 ఎంఎం ఫిష్‌ఐ జూమ్ ప్రకటించింది. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో 8 దగ్గర పెడితే గుండ్రటి బొమ్మ వస్తుంది. 15 దగ్గరికి తిప్పితే ఫ్రేమ్ నిండిపోతుంది. అంటే రెండు లెన్సుల పని ఒక్కదాంతోనే అయిపోతుందన్నమాట. గరుడ సేవ నాడు తిరుమల మాడ వీధుల్లోని జనసంద్రాన్ని ఒక్క ఫ్రేమ్‌లో చూపించాలన్నా ఇలాంటి లెన్సే పనికొస్తుంది.

గీతలు వంకరపోతున్నాయని ఫిష్‌ఐని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ వంకర లేకపోతే 180 డిగ్రీల ఆకాశం ఒక్క ఫొటోలో పట్టదు. గాదంకిలో రాత్రిళ్లు జరుగుతున్నది అదే.