రాత్రి డ్యూటీ, పగలు హార్వర్డ్

మన బ్యాచ్‌లో సగం మందికి ఇప్పుడు అమెరికా గోలే. జీఆర్‌ఈ, యూనివర్సిటీ లిస్టు, వీసా స్లాటు. వందేళ్ళ కింద ఈ దారిన పోయిన ఒకాయన గురించి రాద్దామనిపించింది. ఎల్లాప్రగడ సుబ్బారావు. ఎంపీసీ వాళ్ళకు ఈ పేరు పెద్దగా తెలీదు.

1895లో భీమవరంలో పుట్టాడు. చిన్నప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుంటానని ఇంట్లోంచి పారిపోతే, పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేశారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు (బ్యాక్‌లాగులున్న మిత్రులు గమనించగలరు). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుంటే తెల్ల ప్రొఫెసరుకు కోపమొచ్చింది. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం పట్టుకుని, కడుపుతో ఉన్న భార్య శేషగిరిని వదిలి బోస్టన్ చేరాడు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనే లేదు.

అప్పటి అమెరికా మామూలుది కాదు. 1917 చట్టం ఆసియా కూలీలకు తలుపు మూసేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళ లెక్కలోకి రారు, పౌరసత్వం కుదరదు అని తేల్చింది. చదువుకునే వాళ్ళను మాత్రం రానిచ్చారు. డాక్టరు చదివిన మనిషి బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిళ్ళు పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు తీశాడు. పగలు హార్వర్డ్.

1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1929లో ఏటీపీ. టెన్త్ బయాలజీలో బట్టీ పట్టిన ఆ మూడక్షరాలే, మన కండరాలు పనిచేసే శక్తి. అయినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారాడు. నన్నడిగితే అదే మంచిదైంది. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేయడం, బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, దాని వెంటే మెథోట్రెక్సేట్, అన్నీ ఆయన బృందం పనే.

మా అవ్వకు కీళ్ళవాతం. వేలూరు సీఎంసీలో రాసిచ్చిన చీటీలో వారానికొకసారి మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. రెండూ ఒకే మనిషి ల్యాబు నుంచి వచ్చాయని చెప్తే, ఆయనది ఏ ఊరు నాయనా అని అడిగింది.

1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వం దారి తెరుచుకుంది. 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే నిద్రలో పోయేనాటికి సుబ్బారావు ఆ దేశంలో ఇంకా పరదేశీయే. ఇండియాకు తిరిగి రానేలేదు. శేషగిరి ఆయన్ను మళ్ళీ చూడలేదు.