కీర్తిశేషులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

బోదకాలు ఈడ్చుకొని నడచువారు కృష్ణా గోదావరీ మండలములలో ఒకప్పుడు ప్రతి సంతలోను కానవచ్చెడివారు. ఆ వ్యాధి నరికట్టుటకై ప్రభుత్వమువారు ఇంటింటను పంచిన మాత్ర మన పొరుగున భీమవరమునందు జన్మించిన యొక తెలుగువాని పరిశోధనాలయమున పుట్టినదని, దానిని మ్రింగినవారిలో ఎందఱెఱుగుదురు?

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. 1904 మొదలు 1925 వఱకు భీమవరము కృష్ణామండలమున చేరియుండెను గావున వారు మనవారని మనము చెప్పుకొనుట కొంత చెల్లును. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవమాఱు చెన్నపురి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. ఉపాధ్యాయవృత్తిలో నున్నంతకాలము ఈ సంగతిని తప్పిన బాలుర తండ్రులకు నేను చెప్పుచునే యుంటిని.

చెన్నపురి వైద్యకళాశాలలో వారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు వచ్చుట ఆంగ్లేయాచార్యునకు కంటగింపయ్యెను. తత్ఫలముగా ఎం.బి.బి.యస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తి నొందవలసివచ్చెను. ఆంగ్లవైద్యులు స్ప్రూ అని పిలుచు సంగ్రహణి వారి సోదరుల నిరువురను బలిగొనెను. ఆ దుఃఖమే వారిని పరిశోధనకు పురికొల్పినది.

కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మనిధియు, మామగారును ద్రవ్యసహాయము చేయగా 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. భార్యయగు శేషగిరిగారు స్వదేశముననే నిలిచిరి. తరువాత పుట్టిన కుమారుని తండ్రి చూడనే లేదు. ఆ శిశువు పసితనముననే గతించెను. హార్వర్డులో చదువుకొనుచు, పొట్టకూటికై రాత్రివేళల ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. మాతృదేశములో వైద్యపట్టము పొందినవాడు ఈ పని చేయుటకు సంకోచింపలేదు.

అచట ఫిస్కేగారితో కలసి రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. ద్రవ్యము దాల్చు నీలవర్ణముయొక్క గాఢతనుబట్టి భాస్వరపు పరిమాణము తెలియును. లోకమునందలి ప్రయోగశాలలు ఆ పద్ధతిని చేపట్టినవి. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ.టి.పి. అను పదార్థములను కండరములలో కనుగొనిరి. కండర మెట్లు శక్తిని పొందుననుటకు అంతవఱకు నోబెలు బహుమానము పొందిన సిద్ధాంతమే శరణ్యముగా నుండెను. దానిని ఈ పరిశోధనలు కదల్చివైచినవి. అయినను హార్వర్డులో వారికి స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరులోని లెడర్లీ పరిశోధనాలయమునకు తరలిపోయిరి.

అక్కడ ఎనిమిదేండ్లలో జరిగిన కృషియే ఆశ్చర్యకరము. వారి ఆధ్వర్యమున ఫోలికామ్లమును కృత్రిమముగా చేసిరి. సోదరుల నపహరించిన సంగ్రహణికి అదియే ఔషధమయ్యెను. ఇక నీ ఫోలికామ్లము రక్తకణముల వృద్ధికి ఆహారమువంటిది. బోస్టనులో ఫార్బరుగారు రక్తపు క్యాన్సరు సోకిన బాలురకు దానిని పోలిన మందు నిచ్చిచూడగా వ్యాధి మఱింత ప్రబలినట్లు తోచెను. అట్లయిన ఆహారమువలెనే కనబడుచు ఆహారము గానిదానిని కణముల కందింపవలెను! సుబ్బారావుగారి బృంద మట్టి అమినోప్టెరినును చేసియిచ్చిరి. 1948లో ప్రకటింపబడిన ఫలితములలో 16గురు బాలురలో 10మందికి గుణము కనిపించెను. అది తాత్కాలికమే యైనను, అంతకుముందు ఆ వ్యాధికి మందన్నదే లేదు. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు వాడుకలో నున్నది. అదియే స్వల్పపరిమాణమున, తన శరీరముపైననే తిరుగబడిన రక్షణశక్తిని శాంతింపజేసి కీళ్లవాతమును తగ్గించును.

బోదకాలు మందగు హెట్రజాను 1947లో ప్రకటింపబడెను. ఇది రక్తమునందలి సూక్ష్మక్రిములను రోగియొక్క రక్షకకణముల సాహాయ్యముననే నశింపజేయును. ఆరియోమైసిను అను సూక్ష్మజీవినాశకమును కనుగొన్న డగ్గరుగారు వృద్ధులు. వారికి ఆ పరిశోధనాలయమున పనిచేయు నవకాశము గల్పించినది సుబ్బారావుగారే. పేరు డగ్గరుగారికి, ఫార్బరుగారికి పోయెను. తన బృందమువారి పేర్లు ముందుండవలెనని కోరు స్వభావము వారిది. ఇది యుదారమే గాని, స్వదేశమువారిని ఆయన విషయమున అజ్ఞానులనుగా నుంచినది.

1948 ఆగస్టులో నిద్రలోనే హృదయము స్తంభించి పరమపదించిరి. వయస్సు 53 సంవత్సరములు. అమెరికా పౌరసత్వము పొంద నవకాశమున్నను పొందలేదు, స్వదేశమునకు మరలి రానూ లేదు. శేషగిరిగారి నిరీక్షణ యట్లే ముగిసెను. శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వమువారు ఆయన చిత్రముతో తపాలాబిళ్ల నొకటి వెలువరించిరి.