గాలికి పగ్గం వేసిన జార్జి వెస్టింగ్‌హౌస్

కాలేజీ సంచిక అన్నాక ఒక మహనీయుని జీవిత చరిత్ర ఉండాలి. గాంధీజీని గురించీ, వీరేశలింగం పంతులుగారిని గురించీ, సర్ సి.వి. రామన్‌ను గురించీ నాకంటే బాగా రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు. అందుచేత నేను ఒక యంత్రాల మనిషిని ఎంచుకున్నాను. ఆయన పోయి నూరేళ్ళు దాటింది. అయినా మనం ఎక్కే రైలులోనూ, పెద్ద బస్సులోనూ ఆయన బుద్ధి ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆయనే జార్జి వెస్టింగ్‌హౌస్. కరెంటు సామాను మీద ఆ పేరు చూసినవాళ్ళు చాలామందే ఉంటారు కాని, ఆయన మొదట పేరు తెచ్చుకున్నది గాలితోనని తెలిసినవాళ్ళు తక్కువ.

వెస్టింగ్‌హౌస్ 1846 అక్టోబరు 6న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో సెంట్రల్ బ్రిడ్జి అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వ్యవసాయ పనిముట్లు, నూర్పిడి యంత్రాలు తయారుచేసేవాడు. 1856లో ఆ కుటుంబం స్కెనెక్టడి పట్టణానికి మారి అక్కడ వర్క్‌షాపు నడిపింది. ఇక్కడిదాకా చదివేసరికే నాకు ఈయన మనవాడనిపించాడు. మాది వరి పండించే ఇల్లు. కళ్ళంలో ఎద్దులతో తొక్కించిన రోజుల గురించి తాతయ్య చెప్పగా విన్నానే గాని, నాకు బుద్ధి తెలిసేసరికి మిషను వచ్చేసింది. బెల్టు ఎందుకు జారింది, చక్రం ఎందుకు ఆగింది అని కనుక్కుంటూ మిషను చుట్టూ తిరిగే పిల్లవాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. స్కెనెక్టడిలో ఆ పిల్లవాడు జార్జి.

అమెరికా అంతర్యుద్ధం వచ్చింది. జార్జి కుర్రతనంలోనే సైన్యంలో చేరాడు. తర్వాత నౌకాదళంలో ఇంజనీరుగా పనిచేశాడు. యుద్ధం ముగిశాక 1865లో యూనియన్ కాలేజీలో చేరి, కొద్ది నెలలకే మానేశాడు. మన లెక్చరర్లు నన్ను మన్నించాలి, ఉన్నమాట చెబుతున్నాను. అయితే ఇది చూసి మిత్రులెవరూ కాలేజీ మానవద్దు. ఆయనకు ఇంటి దగ్గర వర్క్‌షాపు ఉంది, మనకు లేదు! ఆ ఏడాదే, 19 ఏళ్ళకు, తిరిగే ఆవిరి యంత్రానికి తొలి పేటెంటు సంపాదించాడు. బతికినన్నాళ్ళలో సంపాదించిన పేటెంట్లు 360 దాటాయి.

ఆ రోజుల్లో రైలు నడపడం తేలికే గాని ఆపడం కష్టం. డ్రైవరు కూత వేస్తే, బ్రేకు మనుషులు పెట్టెల పైకప్పుల మీద పరుగెత్తుతూ ఒక్కో పెట్టె చక్రం చేత్తో తిప్పి బ్రేకు బిగించాలి. వానలో, మంచులో జారి పడి చచ్చినవాళ్ళకు లెక్కలేదు. 1866లో వెస్టింగ్‌హౌస్ తన కళ్ళతో రెండు రైళ్ళు గుద్దుకున్న చోటు చూశాడు. ఎదురెదురుగా వస్తున్న డ్రైవర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, కాని సమయానికి ఆపలేకపోయారు. రైలు మొత్తానికీ డ్రైవరే ఒక్కచోట నుంచి బ్రేకు వేయగలిగితే ఎంత బాగుండునన్న ఆలోచన అప్పుడు పట్టుకుంది.

ముందు ఆవిరితో వేద్దామనుకున్నాడు. పొడుగాటి గొట్టంలో ఆవిరి చల్లబడి నీరైపోతుంది, కనుక కుదరలేదు. అటు తర్వాత ఒక పత్రికలో, ఫ్రాన్సు, ఇటలీల మధ్య మోసెనీ సొరంగం తవ్వడానికి గాలిని బాగా ఒత్తిపట్టి, గొట్టాల్లో వేలాది అడుగులు పంపి, రాతి డ్రిల్లులు నడుపుతున్నారని చదివాడు. గాలి చల్లబడినా గాలే కదా! 1869 ఏప్రిల్ 13న ఎయిర్ బ్రేకుకు పేటెంటు వచ్చింది. అప్పటికాయన వయసు 22. అదే ఏడాది పిట్స్‌బర్గులో కంపెనీ పెట్టాడు. మొదటి ప్రయోగపు రైలు పట్టాల మీద పడిపోయిన ఒక బండివాడికి నాలుగడుగుల దూరంలో ఆగిందని చెబుతారు.

ఇంతటితో ఆగితే ఆయన ఒక మంచి ఇంజనీరు, అంతే. ఆయన గొప్పతనం ఆ తర్వాత వేసుకున్న ప్రశ్నలో ఉంది. మొదటి బ్రేకులో గాలి ఇంజను నుంచి వెళ్ళి చక్రాన్ని పట్టేది. మరి దారిలో గొట్టం తెగితే? పెట్టెలు విడిపోతే? సరిగ్గా ఆపద వచ్చినప్పుడే బ్రేకు ఉండదు. 1872లో వెస్టింగ్‌హౌస్ ట్రిపుల్ వాల్వుతో ఈ వ్యవహారాన్ని తలకిందులు చేశాడు. ప్రతి పెట్టె కింద ఒక చిన్న గాలి ట్యాంకు పెట్టాడు. గొట్టంలో గాలి ఎప్పుడూ నిండుగా ఉండాలి. అది తగ్గిందంటే చాలు, వాల్వు తెరుచుకుని ఆ పెట్టె ట్యాంకులోని గాలే దాని బ్రేకును బిగిస్తుంది. డ్రైవరు కావాలని తగ్గించినా సరే, గొట్టం తెగి తగ్గినా సరే, రైలు ఆగుతుంది. చెడిపోయినప్పుడు కూడా మనిషిని కాపాడే వైపే చెడిపోవాలి. ఇదీ ఆయన సైన్సుకు ఇచ్చిన నీతి.

1886, 1887లలో బర్లింగ్టన్ రైల్వే మీద 50 పెట్టెల గూడ్సు బండితో పోటీ పరీక్షలు జరిగాయి. ముందు పెట్టెలు ఆగాక గాని వెనక పెట్టెలకు కబురు అందక, అవి వచ్చి ఢీకొన్నాయి. వెస్టింగ్‌హౌస్ నిరాశపడలేదు. వాల్వు మార్చి, కొద్ది నెలల్లోనే బ్రేకు త్వరగా అందేలా చేశాడు. 1893లో అమెరికా ప్రభుత్వం రైళ్ళకు ఇలాంటి బ్రేకులు ఉండి తీరాలని చట్టం చేసింది.

కరెంటు సంగతి మనం ఫిజిక్సులో చదువుకున్నదే. 1886లో ఎలక్ట్రిక్ కంపెనీ పెట్టి, 1888లో టెస్లా పేటెంట్లు తీసుకుని, ఎడిసన్ వర్గంతో పోరాడి ఏసీ కరెంటును నిలబెట్టాడు. 1893 చికాగో ప్రదర్శనకు దీపాలు వెలిగించాడు. 1896లో నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరానికి చేరింది. తన కార్ఖానాల్లో పనివాళ్ళకు శనివారం సగంరోజు సెలవిచ్చాడు. ఆ కాలానికి అది వింతే. 1907లో బ్యాంకులు కూలిన గందరగోళంలో ఆయన ఎలక్ట్రిక్ కంపెనీ అప్పులపాలై, కొద్ది సంవత్సరాల్లో పూర్తిగా చేజారిపోయింది.

అరవై దాటిన మనిషి, సొంత పేరున్న కంపెనీ పోగొట్టుకున్న మనిషి, ఏం చేశాడు? మళ్ళీ గాలి దగ్గరికే వచ్చాడు. మోటారు కార్లకు ఉక్కు కమాన్లతో పాటు గాలి స్ప్రింగులు అమర్చే పనిలో పడ్డాడు. ఇతరులు మొదలెట్టిన ఆలోచనను తీసుకుని, గాలి కారిపోకుండా నూనెతో అడ్డుకట్ట వేసి పనికొచ్చేలా చేశాడు. 1914 మార్చి 12న న్యూయార్కులో గుండెజబ్బుతో కన్నుమూశాడు. చక్రాల కుర్చీలో ఉన్న ఆఖరి రోజుల్లో కూడా కరెంటుతో నడిచే కుర్చీకి నమూనా గీస్తున్నాడని చెబుతారు.

ఆ గాలి స్ప్రింగు కార్లలో నిలవలేదు గాని, ఆ దారిలోనే ఇంకెందరో నడిచారు. 1953లో జనరల్ మోటార్స్ బస్సులకు రబ్బరు బెలోల ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. 1954లో గ్రేహౌండ్ వారి సీనిక్రూజర్ బస్సులు దానితోనే రోడ్డెక్కాయి. అలాంటి బస్సులు ముసలివయ్యాక అమెరికాలో చాలామంది కొనుక్కుని, లోపల మంచాలు, వంటగది పెట్టి తిరిగే ఇళ్ళుగా మార్చుకున్నారు.

నాకీ సంగతులన్నీ పట్టుబడింది పుస్తకంలో కాదు, విజయవాడ ఆటోనగర్‌లో. మా బాబాయి అక్కడ ఒక షెడ్డులో మెకానిక్కు. కిందటి వేసవి సెలవుల్లో ఆయన దగ్గర ఉండగా ఒక పాత ఎయిర్ సస్పెన్షన్ బస్సు వచ్చింది. సీట్లు పీకేసి ఇల్లు చేయాలట. ఒక పక్కన 500 లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టారు. నిండితే 500 కిలోలు. కమాన్ల బండి అయితే ఆ పక్కకు ఒరిగి ఊరుకునేది. గాలి బండికి ఆ పక్క బెలోలోకి కాస్త ఎక్కువ గాలి పంపితే ఎత్తు మళ్ళీ సమానమవుతుంది. ఆ పని తనంతట తానే చేసేది లెవెలింగ్ వాల్వు. అది ఛాసిస్‌కు ఉంటుంది, దాని చెయ్యి ఒక కడ్డీతో ఇరుసుకు కలిసి ఉంటుంది. బండి దిగితే చెయ్యి పైకి లేచి గాలి పంపుతుంది, లేస్తే చెయ్యి దిగి గాలి వదులుతుంది.

వాల్వులు మూడే, ముందు ఒకటి, వెనక రెండు. చక్రాలు నాలుగు వైపులా ఉంటే వాల్వులు మూడేమిటని బాబాయిని అడిగాను. మూడు కాళ్ళ పీట ఎక్కడ వేసినా కుదురుగా ఉంటుందనీ, నాలుగు కోళ్ళ మంచం ఎగుడుదిగుడు నేల మీద ఒక కోడు ఎత్తుకుంటుందనీ చెప్పాడు. మూడు బిందువులతో ఒక తలం అని మనం బోర్డు మీద రాసుకున్నది ఇదే గదా!

అమర్చే పని ఓపికతో కూడింది. సమమైన సిమెంటు నేల మీద బండి నిలిపి, నేలను రసమట్టంతో చూసుకోవాలి. మంచాలు, గ్యాసు, నీళ్ళు అన్నీ ఎక్కించాకే కొలవాలి. చదరపు అంగుళానికి 100 పౌన్లు దాటేదాకా ఇంజను నడపాలి. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎత్తు కంపెనీ పుస్తకంలో చెప్పినంత వచ్చేలా కడ్డీ పొడుగు సరిచేయాలి. ప్రతి గతుకుకూ ఉలిక్కిపడకుండా వాల్వు కొన్ని సెకన్లు ఆగి పనిచేస్తుంది, కనుక ప్రతి సవరింపుకూ కాసేపు ఆగి చూడాలి. గాలి కారుతోందా అని సబ్బు నురుగు రాసి చూడాలి, సైకిలు షాపులో లాగే. ఏటవాలు చోట రాత్రి బస చేయడానికి ఒక్కో మూలనూ చేత్తో లేపే వాల్వులు వేరే పెట్టారు. పొద్దున బయలుదేరే ముందు వాటిని మళ్ళీ మామూలు ఎత్తుకు తేవడం మరవకూడదు.

వీటన్నిటికంటే బాబాయి కచ్చితంగా పాటించేది ఒకటుంది. ఛాసిస్ కింద గట్టి దిమ్మలు పెట్టనిదే ఎవర్నీ బస్సు కిందకు దూరనివ్వడు. బెలో పగిలినా, గొట్టం ఊడినా, టన్నుల బరువు మీద పడుతుంది. అలా పోయిన మెకానిక్కులు ఏ దేశంలోనైనా ఉన్నారు. ఆలోచిస్తే, వెస్టింగ్‌హౌస్ బ్రేకుకు వేసిన ప్రశ్నకు ఈ స్ప్రింగులో జవాబు లేదు. గొట్టం తెగితే రైలు ఆగి మనిషిని కాపాడుతుంది. బెలో పగిలితే బస్సు కూలి మనిషిని చంపుతుంది. యంత్రం ఇవ్వని జవాబును దిమ్మలతో మనిషే ఇవ్వాలి. అందుకే బస్సులో మరో వాల్వు కూడా ఉంటుంది. బ్రేకు ట్యాంకుల్లో సుమారు 60, 70 పౌన్ల ఒత్తిడి నిండేదాకా బెలోలకు గాలి పోనివ్వదు. ముందు ప్రాణం, ఆ తర్వాతే సుఖం.

మిత్రులారా, మా ఊళ్ళో కోతల కాలంలో ధాన్యం బస్తాలు నిండిన ట్రక్కు ట్రాక్టరు వెనక కాలవ గట్టు దిగుతుంటే చూస్తాను. ట్రక్కుకు సొంత బ్రేకు ఉండదు. బస్తాల మీద కూలివాళ్ళు కూర్చుని ఉంటారు. వెనక బరువు ముందుకు తోస్తుంటే, కొక్కెం ఊడితే ఏమవుతుందని ఎవరూ అడగరు. 1872లో ఒక వ్యవసాయ పనిముట్ల షాపు కుర్రవాడు అడిగిన ప్రశ్న అదే. మనలో ఎందరో ఈ ఏడాది డిగ్రీ పుచ్చుకుని వెళుతున్నాం. ఏ ఉద్యోగంలో కుదిరినా, మన చేతి కింద నడిచే ప్రతి యంత్రాన్నీ ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం: ఇది చెడిపోయిన రోజున ఎవరి మీద పడుతుంది?