డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

విజయనగరమునుండి సాలూరు పోవు బాటమీద గజపతినగరమను ఊరు గలదు. చంపావతీనది ఆ ప్రాంతపు పొలములను తడుపుచు సముద్రమువైపు సాగిపోవును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని ఇట్టి ఊళ్ళయందు పెద్దలకు బోదకాలు వ్యాధి చిరకాలముగా తెలిసినదే. మురుగునీటిలో పుట్టిన దోమ కుట్టినప్పుడు సన్నని పురుగులు మనుష్యుని శరీరమున ప్రవేశించును. అవి శోషరస నాళములలో కాపురముండి, కొన్ని ఏండ్లకు కాలిని స్తంభమువలె ఉబ్బజేయును. వ్యాధి ముదిరినవాడు నాగలి పట్టలేడు, దూరము నడువలేడు, నలుగురిలోనికి వచ్చుటకు సిగ్గుపడును.

2004వ సంవత్సరమునుండి ప్రభుత్వము ఈ వ్యాధి గల జిల్లాలలో ఏటేట ఇంటింటికిని మాత్రలు పంచు కార్యక్రమమును చేపట్టెను. ఆరోగ్యకార్యకర్తలు గడపగడపకు పోయి, ఆరోగ్యవంతులకు సైతము ఆ మాత్రలను మ్రింగించిరి. వానిలో ముఖ్యమైన దాని పేరు డైఇథైల్ కార్బమజైన్. ఆ మందును కనిపెట్టిన పరిశోధకులకు నాయకత్వము వహించినవాడు ఒక తెలుగువాడు. ఆయన బాల్యమున మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పినవాడు. ఆయనయే డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారికి ఏడుగురు సంతానము, సుబ్బారావు నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యమువలన ఆయన ముందుగానే ఉద్యోగమును విడువవలసి వచ్చెను. అందుచే ఇంట పేదరికము ప్రవేశించెను. పిల్లల చదువు భారమంతయు తల్లిమీద పడెను.

బాల్యమున సుబ్బారావునకు చదువుపై శ్రద్ధ కుదురలేదు. ధనము సంపాదింపవలెనను కోరిక మాత్రము మెండుగా నుండెను. పదమూడేండ్ల ప్రాయమున అతడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. యాత్రికులకు పండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని అతని ఊహ. పెద్దలు వెదకి పట్టుకొని అతనిని మరల ఇంటికి తెచ్చిరి. తల్లి కోపించినది, దుఃఖించినది, కాని కుమారునిపై ఆశ వదలుకొనలేదు. అతనిని మరల పాఠశాలకు పంపెను.

రాజమహేంద్రవరమున చదువు సాగినది గాని ఫలితము దక్కలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో ఒకమారు తప్పెను. రెండవమారును తప్పెను. ఆ కాలమున ఆ పరీక్ష తప్పిన పేదబాలునకు గుమాస్తా పని దొరకుటయు దుర్లభము. అంతలో తండ్రి మరణించెను. చదువు మానిపించుటకు ఇంతకంటె కారణ మేమి కావలెను? కాని వెంకమ్మ తన ఒంటిమీది బంగారమును సైతము అమ్మి, కుమారుని చదువునకై మద్రాసు పంపెను. అచట హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవ ప్రయత్నమున సుబ్బారావు మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణుడయ్యెను. తల్లి ఒంటిమీది బంగారము ఏమైనదో తెలిసిన కుమారుడు ఇక పుస్తకమును విడువలేదు.

పిదప అతడు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి ఇంటర్మీడియటు పూర్తిచేసెను. గణితమున అతనికి మంచి నేర్పు గలిగెను. ఒకప్పుడు పరీక్షలకు భయపడిన బాలుడు ఇప్పుడు ఏ శాస్త్రమునైనను చదువగల స్థితికి వచ్చెను. అయితే అతని మనస్సు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరి సేవ చేయవలెనని తలచెను. తల్లి అనుమతి లేనిదే అది పొసగునది కాదు. వెంకమ్మ అనుమతింపలేదు. వైద్యము నేర్చినచో రోగులకు సేవచేయుటయు సాధ్యమగునని తోచి, సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమయ్యెను. మామగారు అల్లుని చదువునకు ధనసహాయము చేసిరి.

వైద్యకళాశాలలో చేరుటతో కష్టములు తీరలేదు. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట ప్రతిధ్వనించుచున్న దినములు. సుబ్బారావుగారు విదేశవస్త్రమును వర్జించి, ఖద్దరుతో కుట్టించిన అంగీని ధరించి శస్త్రచికిత్స తరగతికి పోయిరి. ఆ శాస్త్రమును బోధించు ఆంగ్లేయాచార్యునకు అది సహింపరాని విషయమయ్యెను. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను, సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను. బాల్యమున తప్పిన పరీక్షలకు కారణము ఆయన అశ్రద్ధ. ఈమారు నష్టమునకు కారణము ఆయన దేశభక్తి. కాని లోకము పట్టముమీది అక్షరములనే చూచును గాని వాని వెనుకనున్న కథను చూడదు. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకై ఆయన చేసిన ప్రయత్నము ఫలింపలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు పనిలో చేరిరి.

ఈ కాలముననే ఆ కుటుంబముపై మరియొక పిడుగు పడెను. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి సుబ్బారావుగారి సోదరు లిద్దరిని కొద్ది దినముల వ్యవధిలో బలిగొనెను. ఆ రోగము సోకినవానికి ఆహారము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనిషి నానాటికి ఎండిపోవును. తానొక వైద్యుడై యుండియు సోదరులను కాపాడుకొనలేకపోయితినను వేదన సుబ్బారావుగారి హృదయమును పట్టి పీడించెను. ఆనాడు ఆ రోగమునకు కారణ మేదియో ఏ వైద్యునకును తెలియదు. తెలియని దానిని తెలిసికొనవలెనన్నచో పరిశోధన చేయవలెను. పరిశోధన చేయుటకు విదేశమునకు పోవలెను.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందు ఉష్ణమండల వ్యాధులను బోధించు విద్యాలయ ముండెను. సుబ్బారావుగారు దానిలో ప్రవేశమునకై ప్రయత్నించిరి. ప్రవేశము లభించినను ధనము చాలదు. మామగారును, కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు తోడ్పడగా, 1923వ సంవత్సరము శరదృతువునందు ఆయన బోస్టను నగరమును చేరిరి. భార్యను స్వదేశముననే విడిచి వెళ్ళిరి. ఆయన వెళ్ళిన పిదప జన్మించిన కుమారుడు శైశవముననే మరణించెను. ఆ బిడ్డ ముఖమును తండ్రి చూడనే లేదు.

బోస్టనులో ఆయనకు ఎల్.ఎం.ఎస్. పట్టము మరల అడ్డుపడెను. ఆ పట్టముతో ఆసుపత్రిలో వైద్యునిగా పని దొరకలేదు. పొట్టపోసికొనుటకై ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలను కడిగిరి. పగలు చదువు, రాత్రి చాకిరి. ఇది అవమానమని ఆయన తలపలేదు. అట్లే శ్రమించి ఉష్ణమండల వైద్యములో డిప్లొమాను సంపాదించి, జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునికడ పరిశోధనకు చేరిరి.

పిల్లలారా! ఇచటినుండి సుబ్బారావుగారి మేధస్సు వికసించిన తీరు గమనింపదగినది. 1925లో ఫిస్కేయు, ఆయనయు కలిసి రక్తమూత్రములలోని భాస్వరము ఎంత ఉన్నదో కొలుచు సులభమైన పద్ధతిని ప్రకటించిరి. ఆ ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో నీలివర్ణము కలుగును. భాస్వరము హెచ్చుకొలది నీలిరంగు చిక్కనగును. ఆ రంగును బట్టి లెక్క కట్టవచ్చును. జీవరసాయనశాస్త్రము చదువు విద్యార్థులు ఫిస్కే సుబ్బారావు పద్ధతి యని దీనిని నేటికిని నేర్చుకొందురు.

ఈ కొలత చేతికి వచ్చిన పిదప కండరముల రహస్యము బయటపడెను. మనము పరుగెత్తునప్పుడు కండరములకు శక్తి ఎచటినుండి వచ్చును? 1927లో వారు కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. ప్రాణికోటి చేయు ప్రతి పనికిని శక్తిని అందించు నాణెము వంటిది ఈ పదార్థము. నేడు పాఠశాలలలోని జీవశాస్త్ర గ్రంథములందు దీనిని ఏ.టి.పి. యని వ్రాయుదురు. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నిచ్చెను. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పిన బాలుని పేరు శాస్త్రలోకమున స్థిరపడెను.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో ఆయన ఆ విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి. కొలదికాలములోనే అచటి పరిశోధనకు అధిపతియైరి. అనేక శాస్త్రజ్ఞులను ఒక్క త్రాటిమీద నడిపించి, ఎనిమిదేండ్లలో ఆయన సాధించిన కార్యములు ఆశ్చర్యము గొలుపును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. ఇది ఆకుకూరలలోను, కాలేయములోను స్వల్పముగా నుండు ఒక విటమిను. ఇది కొరవడినచో రక్తము సరిగా తయారు కాదు. సుబ్బారావుగారి బృందము దీని స్వరూపమును తెలిసికొని, ప్రయోగశాలలో తయారుచేయు పద్ధతిని 1945లో ప్రకటించెను. ఈ విటమిను గర్భిణీస్త్రీల రక్తహీనతకు మందైనది. అంతేకాదు, స్ప్రూ వ్యాధితో క్షీణించిన రోగులును దీనివలన కోలుకొనిరి. సోదరులను బలిగొన్న ఆ వ్యాధికి సుబ్బారావుగారు ఇరువదేండ్లు గడచిన పిదప సమాధానము చెప్పిరి. సోదరులు తిరిగి రాలేదు. కాని ఇతరుల సోదరులు బ్రతికిరి.

రెండవది ఈ విటమినుకు విరోధియైన మందు. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కాన్సరుతో బాధపడు పసిపిల్లలకు చికిత్స చేయుచుండెను. ఆ కాలమున ఆ రోగము సోకిన బిడ్డ బ్రతుకునను ఆశ లేదు. ఫోలిక్ ఆమ్లము అందకుండ చేసినచో రోగకణములు పెరుగజాలవని ఊహించి, అట్టి విరోధి పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి ఇచ్చెను. 1948లో ఫార్బరు ప్రకటించిన వ్యాసమున, అమినాప్టెరిన్ అను మందును పుచ్చుకొనిన 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలము గుణము కనిపించినట్లు వ్రాసెను. ఆ గుణము నిలువలేదు. అయినను రక్తపు కాన్సరును మందుతో లొంగదీయవచ్చునని మొదటిసారి తెలిసెను. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేటును నేటికిని కొన్ని కాన్సరులకును, కీళ్ళవాతమునకును వైద్యులు వాడుచున్నారు.

మూడవది 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్. దీనినే హెట్రజాన్ అనిరి. పూర్వము బోదవ్యాధికి వాడిన లోహసంబంధమైన మందులు రోగికి హాని చేయునవి. ఈ మాత్ర నోటితో మ్రింగదగినది, చవుకగా తయారగునది, రక్తములో తిరుగు పిల్లపురుగులను నశింపజేయునది. ఉబ్బిన కాలిని ఇది మరల సన్నము చేయజాలదు. కాని ఒకరినుండి దోమ మోసికొనిపోవు పురుగే లేకున్నచో మరియొకరికి వ్యాధి రాదు. అందుచేతనే ఊరివారందరును దీనిని పుచ్చుకొనవలసి యుండును.

నాలుగవది ఆరియోమైసిన్. సుబ్బారావుగారి పర్యవేక్షణమున పనిచేసిన బెంజమిన్ డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి దీనిని రాబట్టెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఈ మందు టెట్రాసైక్లిన్ల జాతిలో మొదటిది. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము కలిగినప్పుడు ప్రజలను కాపాడుటకు వాడినది ఈ జాతి మందే.

1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. అమెరికా పౌరసత్వమును ఆయన స్వీకరింపలేదు. స్వదేశమునకును తిరిగి రాలేదు. సముద్రమునకు ఈవల భార్య శేషగిరి పాతికేండ్లు ఎదురుచూచెను. ఆయన సాధించిన విజయములకు ఆమెయు మూల్యము చెల్లించినదని మనము మరువరాదు. 1995లో ఆయన శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలాబిళ్ళను వెలువరించెను.

పరీక్ష తప్పిన ప్రతివాడును సుబ్బారావు కాడు. తప్పుట గొప్పయు కాదు. తప్పిన పిదప తన లోపమును గుర్తించి, మరల అదే పుస్తకమును తెరచి కూర్చుండుటయే ఆయన గొప్పతనము. తన తప్పువలన కలిగిన ఓటమిని శ్రమతో దిద్దుకొనిరి. ఇతరుల అన్యాయమువలన కలిగిన ఓటమిని ఓర్పుతో దాటిరి. ఆ రెంటికిని భేదము తెలిసినవాడు నిరాశపడడు. గజపతినగరపు వీధిలో ఒక తల్లి తన బిడ్డ అరచేతిలో పెట్టిన మాత్ర మిక్కిలి చిన్నది. కాని దాని వెనుక బంగారము అమ్ముకొనిన మరియొక తల్లి యున్నది. మూడవమారు పరీక్షకు కూర్చుండిన ఒక బాలుడున్నాడు.