యుద్ధానికి రానన్న వైకింగ్

స్కాట్లాండ్ ఉత్తరపు కొసన స్క్రాబ్‌స్టర్ రేవులో ఓడెక్కితే గంటన్నరలో ఓర్క్నీ దీవుల్లోని స్ట్రామ్‌నెస్‌లో దింపుతుంది. నీళ్లలోకి దిగినట్టు కట్టిన రాతి ఇళ్లు, పడవలు. అక్కణ్ణుంచి బస్సులో కిర్క్‌వాల్ వెళ్తే ఊరి నడుమ ఎర్రరాతి సెయింట్ మాగ్నస్ చర్చి. కట్టుబడి పనిలో ఉన్నవాణ్ణి కదా, ముందు రాయి చూశాను. ఆ తర్వాతే మాగ్నస్ ఎవరని అడిగాను.

900 ఏళ్ల కిందట ఈ దీవులు నార్వే రాజు కింద ఉండేవి. ఏలేది జార్ల్ అనే వైకింగ్ దొరలు. మాగ్నస్‌ది ఆ వంశమే. 1098లో నార్వే రాజు ఇతన్నీ, దాయాది హాకోన్‌నీ యుద్ధానికి వెంట తీసుకుపోయాడు. వేల్స్ దగ్గర మెనాయ్ జలసంధిలో పోరు మొదలైతే, తనకి ఇక్కడ ఎవరితోనూ పగ లేదని మాగ్నస్ ఆయుధం పట్టలేదు. డాలు కూడా లేకుండా కూర్చుని కీర్తనలు చదువుకున్నాడట. తర్వాత రాజు దగ్గర్నుంచి పారిపోయాడు. ఇదంతా ఐస్లాండ్ వాళ్లు రాసిన ఓర్క్నీయింగ సాగాలో ఉంది.

కొన్నేళ్లకి దాయాదులిద్దరూ కలిసి దీవుల్ని ఏలారు, బాగానే ఏలారు. తర్వాత చెడింది. 1117లో (1116 అని కూడా అంటారు) ఈస్టర్ రోజుల్లో రాజీకని ఎగిల్సే దీవిలో కలుద్దామనుకున్నారు. చెరో రెండు ఓడలే తేవాలని మాట. హాకోన్ అంతకు ఎన్నో రెట్లు తెచ్చాడు. దేశం విడిచిపోతాననీ, ఖైదులో ఉంటాననీ, చివరికి కళ్లు తీసినా సరేననీ మాగ్నస్ అడిగాడు. హాకోన్ ఒప్పుకోబోయినా పక్కనున్న పెద్దలు ఇద్దరిలో ఒకడే మిగలాలన్నారు.

చంపమంటే జెండా మోసే ఓఫెగ్ ససేమిరా అన్నాడు. అప్పుడు వంటవాడు లీఫోల్ఫ్ మీద పడ్డారు. పైవాడు కాదన్న పని కిందివాడి నెత్తిన పడటం మన సైట్లలో చూడనిదా! వాడు ఏడుస్తుంటే మాగ్నసే ధైర్యం చెప్పి, దొంగల్లా మెడ నరక్కుండా తల మీద కొట్టమన్నాడట.

కొడుకు తల్లి తోరా అదే రోజు ఇద్దరికీ విందు సిద్ధం చేసి ఉంచింది. హాకోన్ ఒక్కడే వచ్చాడు. ఆమె అతనికి వడ్డించింది, తర్వాత కొడుకు శవం ఇప్పించమని వేడుకుంది. అతను ఏడ్చి ఇచ్చాడు. బర్సేలో పూడ్చారు. గల్ఫ్ నుంచి శవపేటిక కోసం నెలల తరబడి కాచుక్కూర్చున్న తల్లుల్ని జగిత్యాల వైపు చూసినవాళ్లకి ఈ ఘట్టం దగ్గర గొంతు పట్టేస్తుంది.

1137లో మేనల్లుడు రోగ్న్‌వాల్డ్ ఈ చర్చి మొదలుపెట్టాడు. పని చూసుకున్నది అతని తండ్రి కోల్, అంటే మన సూపర్‌వైజరే. మధ్యలో డబ్బు అయిపోతే రైతుల దగ్గర వసూలు చేశారు. మేస్త్రీలు ఇంగ్లండ్‌లోని డర్హాం చర్చి కట్టిన చోటు నుంచి వచ్చినవాళ్లని కట్టుబడి చూసి చెప్తారు. పని పూర్తవడానికి 300 ఏళ్లు పట్టింది.

1919లో మరమ్మతులు చేస్తుంటే ఒక స్తంభం లోపల చెక్కపెట్టె దొరికింది. అందులో ఎముకలు, పగిలిన పుర్రె. సాగాలో చెప్పినట్టే దెబ్బ తల మీదే ఉంది. పరీక్షించి, మళ్లీ ఆ స్తంభంలోనే పెట్టి రాయి మూసేశారు.